మాతృ మానసిక ఆరోగ్య దినానికి గుర్తింపు కోరే వినతిపత్రంలో ఏమేమి అడగాలి?

అందరికీ నమస్కారం. ఏటా మే నెల మొదటి బుధవారం జరిగే ప్రపంచ మాతృ మానసిక ఆరోగ్య దినాన్ని మా స్థానిక పాలక మండలి అధికారికంగా గుర్తించాలని కోరుతూ కొందరం కలిసి వినతిపత్రం సిద్ధం చేస్తున్నాము. ప్రసవించిన స్త్రీలలో సుమారు 13 శాతం మంది మానసిక సమస్యలకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతున్నారన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కను అందులో చేర్చాము. అయితే ఒక తీర్మానం, ఒక సభ, నాలుగు ఫొటోలతో వ్యవహారం ముగిసిపోతుందేమోనని నా సందేహం. టీకాల రోజున బిడ్డ బరువు తూచి కార్డులో రాస్తారు గానీ, ఎత్తుకొచ్చిన తల్లికి నిద్ర పడుతోందా అని అడిగేవారు అరుదు. అందుకే ప్రసవం తరువాతి కుంగుబాటును గుర్తించడానికి 1987లో వెలువడిన, పది ప్రశ్నలే ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళిని తల్లుల చేత అప్పుడే నింపించాలని, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి అడిగే పదో ప్రశ్నకు ‘ఎప్పుడూ లేదు’ అని కాక మరో జవాబిచ్చిన తల్లిని అదే రోజు వైద్యులు చూసే ఏర్పాటు ఉండాలని కూడా కోరాలనుకుంటున్నాను. (ఆ ఏర్పాటు లేకుండా ప్రశ్నలు మాత్రమే అడగడం అన్యాయమని నా అభిప్రాయం.) ఈ కోరికలను గుర్తింపు తీర్మానంలోనే చేర్చమనడం మంచిదా, లేక ముందు గుర్తింపు సాధించి తరువాత విడిగా అడగడం మేలా? ఇటువంటి తీర్మానాలు చేయించిన అనుభవం ఉన్నవారు, వైద్యుల సంతకాలు ఏ మేరకు ఉపయోగపడతాయో కూడా దయచేసి తెలియజేయగలరు.