కణితికి ఊపిరాడుతోందో లేదో ఎంఆర్ఐ చెబితే, దాన్ని నమ్మి రేడియేషన్ మోతాదు మార్చవచ్చా?

స్కాన్‌గది:
మా విభాగంలో టీ తాగుతూ మొదలైన వాదన ఇది, ఇంకా తెగలేదు. ఆక్సిజన్ అందని క్యాన్సర్ కణం రేడియేషన్‌కు ఒక పట్టాన లొంగదు. దాన్ని చంపడానికి రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి. ఇంగ్లండ్‌లో గ్రే అనే శాస్త్రవేత్త బృందం 1953లోనే ఈ సంగతి రాసింది. అయినా గొంతు క్యాన్సర్‌కు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకునేవారిలో చాలామందికి నేటికీ ఒకటే లెక్క: 70 గ్రే (రేడియేషన్ కొలతకు ఆయన పేరే పెట్టారు), 35 విడతలు, ఏడు వారాలు. ఎవరి కణితికి ఎంత ఊపిరాడుతోందో చూసే పని లేదు. మామూలు గాలితో ఒకసారి, ఆక్సిజన్ పీల్పిస్తూ మరోసారి ఎంఆర్ఐ తీసి పోల్చే పద్ధతి ఉంది కదా. సూది లేదు, రేడియోధార్మిక మందు లేదు. ఒక మాస్కు, ఒక సిలిండరు చాలు. వాడాలని నేనంటాను.

అయస్కాంతం:
ముందు ఆ సిలిండరును గది బయటే ఉంచండి! 2018లో ముంబయిలో ఎంఆర్ఐ గదిలోకి ఆక్సిజన్ సిలిండరు తీసుకెళ్లిన మనిషిని అయస్కాంతం సిలిండరుతో సహా లాగేసి, ప్రాణాలు పోయాయి. ఆక్సిజన్ గొట్టంలోనే రావాలి.

ఇక అసలు పేచీ. ఎంఆర్ఐ ఆక్సిజన్‌ను లెక్కపెట్టదు, దాని జాడ చూస్తుంది. ఆక్సిజన్ అణువుకు కాస్త అయస్కాంత గుణం ఉంది. అది కరిగిన చోట నీటిలో ఎంఆర్ఐ కదిపిన ప్రోటాన్లు త్వరగా కుదుటపడతాయి, అంటే అవి కుదుటపడే సమయం (టీ1) తగ్గుతుంది. రక్తంలో హిమోగ్లోబిన్ అప్పటికే ఆక్సిజన్‌తో నిండి ఉంటే, అదనంగా పీల్చిన ఆక్సిజన్ ప్లాస్మాలో, కణజాలంలో కరుగుతుంది, టీ1 తగ్గుతుంది. ఊపిరాడని చోట ఖాళీగా ఉన్న హిమోగ్లోబినే వచ్చినదంతా పట్టేసుకుంటుంది, టీ1 కదలదు. కాబట్టి ‘మార్పు లేదు’ అన్నదే ఇక్కడ కబురు. మరి రక్తమే చేరని చచ్చిన భాగంలోనూ మార్పు ఉండదుగా? ఆ రెంటినీ విడదీయడానికి గాడోలినియం అనే, బొమ్మలో రక్తం జాడ చూపే మందును ఎక్కించి, రక్తం పారుతున్న చోట్లను వేరు చేస్తారు. అంటే సూది ఉంది. పైగా మనం వెతికే తేడా కొద్ది శాతమే. గొంతు క్యాన్సర్ రోగి లోపల పడుకుని ఒక్క గుటక మింగితే చాలు, బొమ్మ జరిగిపోతుంది.

స్కాన్‌గది:
సూది విషయంలో తప్పు నాదే. గుటక సంగతి నాకు చెప్పాలా, రోజూ చూసేదే.

నాన్నకుతోడు:
నేను డాక్టర్ను కాను. నాన్నగారికి నిరుడు 35 కరెంట్లు పూర్తయ్యాయి. వేడి నీళ్లలో మెత్తబరిచిన జల్లెడలాంటి ప్లాస్టిక్ మాస్కును ముఖం మీద అచ్చు వేసి, బల్లకు బిగించేవారు. బయటికి వచ్చాక అరగంట దాకా చెంపల మీద ఆ గళ్లు కనిపించేవి. నాలుగో వారం నుంచి రాగి జావ తప్ప మరేమీ దిగలేదు. ఇప్పటికీ నీళ్ల సీసా లేకుండా గడప దాటరు. నా సందేహం ఒకటే. వేలికి పెట్టే మిషను ఎప్పుడూ 98 చూపించేది. అలాంటప్పుడు కణితికి ఆక్సిజన్ అందకపోవడం ఏమిటి?

కిరణవైద్యం:
మంచి ప్రశ్న అడిగారు. కాలువ నిండుగా పారుతున్నా చివరి ఆయకట్టు ఎండిపోవడం చూసే ఉంటారు. వేలి మిషను చూపేది కాలువలో నీళ్లు. కణితిలో రక్తనాళాలు గజిబిజిగా ఉంటాయి. వాటిని ఆనుకుని ఉన్న కణాలే దారిలో ఆక్సిజన్ తోడేసుకుంటాయి. నాళం నుంచి సుమారు 150 మైక్రాన్లు దాటితే, అంటే మిల్లీమీటరులో ఏడో వంతు, ఇక అందదు. ఊపిరితిత్తుల కణితుల్లో 1955లో థామ్లిన్సన్, గ్రే చూసింది ఇదే. ఎంఆర్ఐ బొమ్మలో ఒక గడి మిల్లీమీటరు, ఇంకా ఎక్కువే ఉంటుంది. తడి మడి, ఎండిన మడి కలిపి సగటు చెబుతుందన్నమాట.

అయినా కొలవడం దండగ అనను. టిరపజమిన్ అనే మందు ఆక్సిజన్ లేని కణాల మీదే పనిచేస్తుంది. దాన్ని 861 మందికి ఎవరి కణితికి ఊపిరాడుతోందో ముందు పరీక్షించకుండానే పంచి చూశారు, 2010లో ఫలితం సున్నా అని తేలింది. అంతకుముందు ఆస్ట్రేలియాలో పెట్ స్కాన్ (రేడియోధార్మిక మందు ఎక్కించి తీసేది) తీసిన 45 మందిలో మాత్రం, ఊపిరాడని కణితి ఉన్నవారికి ఆ మందు పనిచేసిన సూచన ఉంది. ఎవరికి ఇవ్వాలో చూడకుండా మందును తప్పుపట్టారని నాకు ఇప్పటికీ అనుమానమే.

అయస్కాంతం:
డాక్టర్ గారూ, రెండో వైపు కూడా చెప్పండి. ఈ మధ్య బ్రిటన్‌లో ఊపిరాడని కణాలు రేడియేషన్‌కు లొంగేలా చేసే నిమొరజోల్ అనే మందును పరీక్షించారు. జన్యు పరీక్షతో ఊపిరాడని కణితులను గుర్తించి మరీ చూశారు, అయినా లాభం కనిపించలేదు. ఎంపిక చేసినంత మాత్రాన గెలుపు ఖాయం కాదు.

కిరణవైద్యం:
ఒప్పుకుంటాను. ఇంకో చిక్కు కూడా ఉంది: కాలువ నీళ్లు వంతులవారీగా వస్తాయి. ఇవాళ ఎండిన చోటు రేపు తడవవచ్చు, కొన్ని నిమిషాల్లోనే మారవచ్చు. రేడియేషన్ మొదలయ్యాక కొన్ని కణాలు చచ్చి, మిగిలినవాటికి ఆక్సిజన్ అందుతుంది కూడా. 35 విడతలకు ముందు తీసిన ఒక్క బొమ్మను పట్టుకుని ఏడు వారాలు నడవలేం. ఆ మాటకొస్తే ఎంఆర్ఐకి ఉన్న బలం అదే, రేడియోధార్మికత లేదు కనుక మళ్లీ మళ్లీ తీయవచ్చు. పెట్‌లో మందు ఎక్కించి రెండు నుంచి నాలుగు గంటలు ఆగాలి, ఆ మందులోని రేడియోధార్మిక ఫ్లోరిన్-18 కూడా 110 నిమిషాలకోసారి సగమైపోతుంది.

నాన్నకుతోడు:
మోతాదు తగ్గించినవారు ఎక్కడా లేరా?

కిరణవైద్యం:
ఉన్నారు. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో అసలు కణితిని కోసి తీసేసి, మెడ గ్రంథుల్లో ఆక్సిజన్ కొరత లేదని పెట్‌లో తేలినవారికి 30 గ్రేతో ఆపి చూశారు. కానీ వారివి హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చిన గొంతు క్యాన్సర్లు, రేడియేషన్‌కు బాగా లొంగే రకం. మన దగ్గర గుట్కా, ఖైనీతో వచ్చే నోటి క్యాన్సర్లు ఆ కోవలోవి కావు. ఆ లెక్కను ఇక్కడికి తెచ్చి సగానికి సగం తగ్గించమంటే నేను సంతకం పెట్టను.

స్కాన్‌గది:
నా మాట కొంత సవరించుకుంటున్నాను. మోతాదు జోలికి ఇప్పుడే వెళ్లవద్దు, బొమ్మలు మాత్రం తీద్దాం. అనుమతి దొరికితే మొదట ఒకే మనిషికి మాస్కు పెట్టి, ఆక్సిజన్ బదులు మామూలు గాలే వదిలి, రెండుసార్లు తీస్తాను. ఏమీ మారనప్పుడు కూడా మా మిషను ఎంత ‘మార్పు’ చూపిస్తుందో ముందు తెలియాలి.

అయస్కాంతం:
అది చేయండి. అంకెలు ఇక్కడ పెట్టండి, అప్పుడు మళ్లీ కొట్లాడుకుందాం.