‘పాసవుట్’ అయ్యామంటే చదువు అయిందనా, స్పృహ తప్పిందనా?

ప్రశ్న: రెజ్యూమెలో “ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019” అని రాస్తే అమెరికావాళ్లు నవ్వుతారట. నిజమేనాండీ? మరేం రాయాలి?

జవాబు: నిజమేనండీ. అక్కడ ఆ మాట వినగానే తట్టేది సొమ్మసిల్లడం. ఎండదెబ్బకో, నెత్తురు చూసో, తాగిన మత్తులోనో ఒళ్లు తెలియకుండా పోతే అది పాస్ అవుట్. రెజ్యూమె కాబట్టి విషయం అర్థమవుతుంది, పరువే కాస్త పోతుంది. “ఐ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్ ఉస్మానియా యూనివర్సిటీ ఇన్ 2019” అని రాయండి. ‘ఫ్రమ్’ ఎగరగొట్టి మాట్లాడేవాళ్లు అక్కడా ఉన్నారు గానీ, రాతలో ఉంచడమే మేలు. అమీర్‌పేట ప్రకటనల్లోని “2019 పాసవుట్స్” మనలో మనకు చెల్లుతుంది. బయటికి “2019 గ్రాడ్యుయేట్” అనాలి.

మరో జవాబు: చిన్న సవరణ. చదువు అర్థం పూర్తిగా మన సృష్టేం కాదు. బ్రిటిష్ సైన్యంలో శిక్షణ ముగించుకుని బయటికి రావడాన్ని పాస్ అవుట్ అనే అంటారు. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలోనూ, మన హైదరాబాద్ పోలీస్ అకాడమీలోనూ జరిగే పాసింగ్ అవుట్ పెరేడ్ అదే. మనం దాన్ని బీటెక్ దాకా సాగదీశాం. పెరేడ్‌లో ఎండకి క్యాడెట్ పడిపోతే మాత్రం రెండర్థాలూ ఒక్కడికే!

ఇంకో జవాబు: మూడో అర్థం మరిచారు: పంచిపెట్టడం. అసలు చిక్కు ఇక్కడే. మొదటి రెండు అర్థాల్లో ఈ క్రియకు కర్మ ఉండదు, మూడోదానికి ఉండాలి. అందుకే “ఐ పాస్డ్ అవుట్ మై డిగ్రీ” అంటే డిగ్రీని అందరికీ పంచిపెట్టినట్టు అవుతుంది. “పాస్ అవుట్ ద పేపర్స్”, “పాస్ ద పేపర్స్ అవుట్” రెండూ సరే. పేపర్స్ బదులు ‘దెమ్’ పెడితే అది నడుమే కూర్చోవాలి: “పాస్ దెమ్ అవుట్”. “పాస్ అవుట్ దెమ్” తప్పు.

ప్రశ్న: కళ్లు తిరిగాయి అనడానికీ ఇదే వాడొచ్చా?

జవాబు: వద్దండీ. కళ్లు తిరిగినా తెలివి ఉంటుంది. అది “ఐ ఫెల్ట్ డిజీ”. స్పృహ తప్పితేనే పాస్ అవుట్. డాక్టరు దగ్గర ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే “పాస్డ్ అవుట్” అనగానే ఎంతసేపు, దెబ్బ తగిలిందా అని ఆయన అడిగే ప్రశ్నలే మారిపోతాయి. మూర్ఛ అన్నా జాగ్రత్త: తెలుగులో ఫిట్స్‌నీ మూర్ఛ అనే అంటాం, ఇంగ్లీషులో అది ‘సీజర్’. ఇక కంగారులో “పాస్డ్ అవే” అనకండి, మనిషిని చంపేసినట్టే.