ప్రకటనలు తగ్గిస్తే అమ్మకం పడిపోయింది: ఇప్పుడు ఖర్చు చూసుకోవాల్నా, గిరాకీ చూసుకోవాల్నా?

కొత్తవాడ_మగ్గం:
అందరికీ నమస్తే. మాది వరంగల్. కొత్తవాడ నేతోళ్ల దగ్గర జంపఖానాలు తీసుకొని రెండేండ్ల సంది ఆన్‌లైన్ల అమ్ముతున్న. సొంత వెబ్‌సైట్ ఒకటి, పెద్ద యాప్‌ల దుకాణం ఇంకోటి. నెలకు 120 ఆర్డర్లు వస్తుండె, ప్రకటనలకు 9,000 పోతుండె. దసరా అయినంక చేతిల ఏం మిగుల్తలేదని ప్రకటనలు 3,000కు దించిన. ఆర్డర్లు 70కి పడ్డయి. కొరియర్, డబ్బా, కమీషన్ పోను ఒక్కో పీసు మీద నాకు 220 వస్తది. అంటే 6,000 మిగిలించుకుందామని 11,000 పోగొట్టుకున్న. ఖర్చు తగ్గించుడే తప్పా? మీరెట్ల చేస్తున్నరో జర చెప్పుండ్రి.

సకినాల_వదిన:
తగ్గించుడు తప్పు కాదు తమ్మీ, ఎక్కడ తగ్గించినవన్నదే చూడాలె. మేం కరీంనగర్ నుంచి సకినాలు పంపుతం. పోయిన సంక్రాంతికి మా ఆయన కన్ను అట్టడబ్బాల మీద పడ్డది. ఐదు పొరల డబ్బా బదులు మూడు పొరలది తెచ్చిండు, ఒక్కోదానికి 14 రూపాయలు మిగుల్తయని ఒకటే సంబురం. బెంగళూరుకు పోయిన మొదటి కిలో తెరిచి ఆమె ఫొటో పెట్టింది. ఒక్క చుట్టు నిలబడలే, అడుగున నువ్వులు, పైన నూక. మళ్ళా చేసి పంపిన, సరుకు, కొరియర్ కలిపి 400 దాటింది. ముప్పై డబ్బాల పొదుపు ఒక్క పార్సిల్ల పాయె. ఆ మూడు పొరల డబ్బాలు ఇప్పటికీ అటక మీదనే ఉన్నయి, ఉల్లిగడ్డలు పోసుకుంటున్నం.
ధర పెంచాలంటే మాత్రం అందరం భయపడ్తం. 2024 సెప్టెంబర్‌ల నూనె మీద దిగుమతి సుంకం పెంచినంక మా నూనె ఖర్చు మస్తు పెరిగింది. కిలోకు 40 పెంచిన. ఇద్దరు ఎందుకని అడిగిండ్రు, కొనుడు ఎవ్వరు ఆపలే.

లెక్కల_పంతులు:
నేను హన్మకొండల చిన్న దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు వేస్త. తమ్ముడూ, నీ 11,000ల ఒక తిరకాసు ఉంది. వచ్చిన ఆర్డర్లన్నీ ఇల్లు చేరుతున్నయా? వాపస్ ఎన్ని?

కొత్తవాడ_మగ్గం:
120 ఉన్నప్పుడు 70 క్యాష్ ఆన్ డెలివరీనే అన్నా. నెలకు 20 దాకా వాపస్ వస్తుండె. పోనూ రానూ ఒక్కోదానికి 260 పడ్తది. కొన్ని మట్టిపట్టి వస్తయి, అది వేరే.

లెక్కల_పంతులు:
ఆరింట్ల ఒకటన్నట్టు. అయితే పోయిన 50 ఆర్డర్లల్ల 8 ఎట్లైనా తిరిగొచ్చేటివే. మిగిలిన 42 మీద 9,240 వస్తుండె. ఆ 8 వాపస్‌ల ఖర్చు 2,080 తీసెయ్, 7,160. ప్రకటనలల్ల నీకు మిగిలింది 6,000. నీకు పోయింది 11,000 కాదు, 1,160. అంటే నెలనెలా 6,000 పోసి తెచ్చుకున్నది గంతే. రేపు మళ్ళా 9,000 పెట్టినా నీ జేబుల పెద్ద తేడా రాదు. అదే 20 వాపస్‌లు చూడు, 5,200. ముందుగల అక్కడ పట్టుకో.
ఇంకోటి. యాప్ వాళ్లు నీ అమ్మకం మీద టీసీఎస్ అని జీఎస్టీ కింద కొంత ముందే పట్టుకుంటరు. 2024 జులై నుంచి అర శాతమే, అయినా నీ పైసలే. జీఎస్టీ పోర్టల్‌ల దాన్ని అంగీకరిస్తెనే నీ క్యాష్ లెడ్జర్‌కు, అంటే పోర్టల్‌ల నీ జీఎస్టీ పైసల ఖాతాకు, వస్తది. నా దగ్గరికొచ్చేటోళ్లల్ల శానమంది ఆ బటన్ ఒక్కసారి గూడ నొక్కలే.

ఏనుమాముల_మిర్చి:
తమ్మీ, జంపఖానా ఏ డబ్బాల పంపుతున్నవ్? కొలత చెప్పు.

కొత్తవాడ_మగ్గం:
35 సెంటీమీటర్లు పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తు. జంపఖానా తూకం కిలో ఆరువందల గ్రాములు.

ఏనుమాముల_మిర్చి:
నేను అనుకున్నదే. చాలా కొరియర్లు మూడు కొలతలు గుణించి 5,000తోని భాగిస్తరు. నీ డబ్బాకు 4.2 కిలోలు. కిలోన్నర సరుకుకు నాలుగు కిలోల కిరాయి కడుతున్నవ్, గాలికి కిరాయి అన్నట్టు. నేను గూడ ఎండుమిర్చి పంపినప్పుడు గిట్లనే మునిగిన. పొడి చేసినంక బాధ తీరింది.
పేరు గురించి గూడ ఒక మాట. నేను మొదట్ల ఉత్త కారంపొడి అని పెట్టిన, యాప్‌ల వేల కారంపొడులల్ల ఎవరికి కనపడుతది? చపాటా అని మిర్చి రకం పేరు రాసి, కారం తక్కువ, రంగు ఎక్కువ అని చెప్పినంక ధర 60 ఎక్కువ పెట్టినా పోతుంది. మా చపాటాకు 2025ల జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు, వచ్చింది, మీ వరంగల్ జంపఖానాకు 2018లనే వచ్చింది. నువ్వేమో కాటన్ కార్పెట్ అని పెట్టుకున్నవ్, ఇప్పుడే చూసిన! కాకపోతే ఆ జీఐ గుర్తు వాడాలంటే ఆథరైజ్డ్ యూజర్‌గ నమోదు కావాలె. మీ నేతోళ్లల్ల ఎవరికన్న ఉందేమో అడుగు. మరమగ్గం సరుకు అందుల కలపకు.

సకినాల_వదిన:
వాపస్‌లకు నాది ఒకటే మందు. సాయంత్రం ఆరింటికి కూసొని క్యాష్ ఆర్డర్లోళ్లందరికి ఫోన్ చేస్త. రెండుసార్లు ఎత్తకపోతే పంప. కొత్తోళ్లయితే వంద రూపాయలు ముందుగల యూపీఐల కొట్టమంట. నిజంగ కావాల్సినోళ్లు కొడ్తరు.

పరకాల_పోరడు:
అక్కా, రోజుకు గంట ఫోన్లల్లనే పోతే ఆ గంటకు కూలి ఎవరిస్తరు? అది ఖర్చు కాదా?

సకినాల_వదిన:
ఆ గంటల సీరియల్ చూసేదాన్ని బిడ్డా. ఎవరూ కూలి ఇయ్యకుండిరి.

కొత్తవాడ_మగ్గం:
నెల అయింది, చెప్పిపోదామని వచ్చిన. డబ్బా తీసేసిన. జంపఖానా మడిచి మోకాలు పెట్టి అదుముతున్న, నూలు తాడుతోని కట్టి, పైన ప్లాస్టిక్ సంచి. 8 సెంటీమీటర్ల మందం వస్తుంది, కిలోన్నర పైన కొంచమే పడ్తుంది, కొరియర్‌ల పార్సిల్‌కు 50 దాకా తగ్గింది. ప్రకటనలు 3,000 దగ్గర్నే ఉంచిన. ఫోన్లు మా చెల్లె చేస్తుంది, 76 ఆర్డర్లల్ల వాపస్ 5. పేరు మార్చినంక హైదరాబాద్ నుంచి ఒకామె ఒక్కసారే నాలుగు తీసుకున్నది.
ఒక్క తిప్పలుంది. గట్టిగ కడితే మడత చారలు పడుతున్నయని ఇద్దరు రేటింగ్‌ల చుక్కలు తగ్గించిండ్రు.

సకినాల_వదిన:
రెండు దినాలు నేల మీద పరిస్తే చారలు పోతయని చీటీ రాసి లోపల పెట్టు. చేత్తోనే రాయి, అచ్చు కొట్టియ్యకు.