ప్రీకాస్ట్ గోడ ప్యానెళ్లు లేపే మర లూపులు: ఎప్పుడు పక్కన పడేయాలి?

హైదరాబాద్ శివార్లలోని ప్రీకాస్ట్ (కాంక్రీట్ భాగాల్ని ముందే పోసి సైటుకి పంపే) యార్డులో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. 4 మీటర్లు × 3 మీటర్లు, 150 మి.మీ. మందం గోడ ప్యానెళ్లు పోస్తాం. ఒక్కోటి దాదాపు 4.5 టన్నులు. పైఅంచులో రెండు ఆర్‌డీ 30 సాకెట్లు (కాంక్రీట్‌లో పాతిన, లోపల గుండ్రటి మర ఉన్న గొట్టాలు), వాటిలో తిప్పి బిగించే వైర్ రోప్ లూపులు వాడతాం. లూప్ ట్యాగ్ మీద మోయగల బరువు 4 టన్నులని ఉంది.

మొదటి సందేహం సాకెట్ గురించి. లోపల సిమెంట్ పాలు గట్టిపడి లూప్ సగంలోనే ఆగిపోతే, మావాళ్లు మామూలు ఎం30 ట్యాప్ (మామూలు బోల్టు మర కోసే పనిముట్టు) పెట్టి శుభ్రం చేస్తామంటున్నారు. ఆర్‌డీ మర గుండ్రటిది కదా, ట్యాప్ దాన్ని కోసేయదా? నేనైతే వద్దన్నాను. వైర్ బ్రష్, గాలి కాకుండా ఇంకేం వాడొచ్చు? ప్రతి లిఫ్టుకీ ముందు మర అడుగుదాకా దిగిందని మీరు ఎలా నిర్ధారించుకుంటారు? రంగు గుర్తు పెడతారా?

రెండోది, లూపులు. మర దగ్గర తీగలు తెగడం, రోప్ నలిగి మడత పడటం, తుప్పు, ట్యాగ్ చెరిగిపోవడం... వీటిలో ఏది కనిపించగానే మీరు లూప్‌ని పక్కన పడేస్తారు? తెగిన తీగల్ని లెక్కపెట్టే పద్ధతి ఉందా?

ఇంకొకటి. స్ప్రెడర్ బీమ్ (స్లింగులు నిలువుగా దిగేలా మధ్యలో పెట్టే అడ్డ దూలం) లేకుండానే లేపమని కాంట్రాక్టర్ ఒత్తిడి. స్లింగ్ (హుక్ నుంచి లూప్‌కి వచ్చే తాడు) నిలువు నుంచి 60 డిగ్రీలు వాలితే ఒక్కో స్లింగ్ కాలి మీదే 4.5 టన్నులు పడతాయి, అంటే ట్యాగ్ దాటిపోయింది. లెక్క చూపించినా వినట్లేదు, టెన్షన్‌గా ఉంది. ఇలాంటి చోట ఎలా ఒప్పించారో, చెక్‌లిస్ట్ ఏదైనా ఉంటే అదీ చెప్పండి.