అప్‌డేట్: కుండ చేసి కుమ్మరి వెళ్లిపోయాడా?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని మా సింగ్‌నగర్ ఇంట్లోకి వచ్చాక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. అంటే, దేవుడు లోకాన్ని చేసి వదిలేసి వెళ్లిపోయాడా అని. ఏం చెప్పాలో తెలియక పోయిన నెల మిమ్మల్ని అడిగాను. జవాబిచ్చిన అందరికీ నమస్కారం.

ముందు ముండకోపనిషత్తులోని సాలెపురుగు పోలిక చెప్పాను. కుమ్మరికి మట్టి బయటి నుంచి రావాలి. సాలెపురుగు దారం తనలోంచే తీస్తుంది, మళ్లీ తనలోకే తీసుకుంటుంది. అంటే చేసేవాడూ, చేయడానికి వాడిన పదార్థమూ ఒకటే. అమ్మ కాసేపు ఆలోచించి, "గూట్లో చిక్కుకున్న ప్రాణి సంగతేంటి నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మీలో ఒకరు రాసిన రామానుజుల మాట మాత్రం ఆమె మనసుకు పట్టింది. జగత్తు శరీరం, దేవుడు ఆత్మ. ఆత్మ దేన్ని మోస్తూ, నడిపిస్తూ ఉంటుందో, ఏది ఆత్మ కోసమే ఉంటుందో అదే శరీరం. "అయితే నీళ్లలో నిలబడినప్పుడు కూడా నేను ఆయనకి బయట లేను" అంది. ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి.

వెంటనే ఇంకో ప్రశ్న: "మరి ఆయనకి నొప్పి తెలిసిందా?" ముసలితనం శరీరానిదే గానీ ఆత్మది కానట్టు, లోకంలోని దోషాలు దేవుణ్ణి అంటవని రామానుజులు అంటారు. తర్కం సరిగ్గానే ఉంది, కానీ అమ్మకి అది చాలలేదు. నిజం చెప్పాలంటే నాకూ చాలలేదు.

ఆదివారం ఉండవల్లి గుహలకు వెళ్తున్నాం. పడుకుని ఉన్న అనంతపద్మనాభుణ్ణే అడుగుతానంటోంది.