టచ్ డ్రైవర్ కంటే ముందు రెగ్యులేటర్ లేవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: లినక్స్ బోర్డు కోసం టచ్ ప్యానెల్ డ్రైవర్ రాస్తున్నాను. విడిగా లోడయ్యే మాడ్యూల్ కాదు, కెర్నెల్‌లోనే కలిసి ఉండే బిల్ట్-ఇన్. చిప్‌కు కరెంటిచ్చే రెగ్యులేటర్, చిప్‌లను కలిపే ఐ2సీ బస్సు మీద ఉంది. అది సిద్ధం కాకముందే నా ప్రోబ్ (డివైస్‌ను సిద్ధం చేసే డ్రైవర్ ఫంక్షన్) నడిస్తే ఫెయిలవుతోంది. డ్రైవర్‌ను మొదలుపెట్టే మాడ్యూల్_ఇనిట్ తీసి, బూట్‌లో ఆఖరి దశలో నడిచే లేట్_ఇనిట్‌కాల్ పెడితే కుదిరింది. కొత్త కెర్నెల్‌కు మారగానే కథ మళ్లీ మొదటికొచ్చింది. ఈ వరుసను ఖాయం చేసే దారి ఉందా?

జవాబు: దయచేసి ఆ దారిలో వెళ్లకండి. బిల్ట్-ఇన్ డ్రైవర్లకు బూట్‌లో కోర్, పోస్ట్‌కోర్, ఆర్క్, సబ్‌సిస్, ఎఫ్‌ఎస్, డివైస్, లేట్ అని దశలున్నాయి. మాడ్యూల్_ఇనిట్ వాడితే డివైస్ దశలో పడతారు. ఒకే దశలో ఉన్నవాటికి లింక్ అయిన వరుసే గతి, అంటే మేక్‌ఫైల్లో ముందున్నది ముందు. కానీ ఇదంతా డ్రైవర్ రిజిస్టరయ్యే వరుస. ప్రోబ్ నడిచేది డివైస్, డ్రైవర్ జత కలిశాకే. పైగా కొన్ని రెగ్యులేటర్ డ్రైవర్లు ఇప్పుడు ఎసింక్‌గా, అంటే మిగతా పనులతో సమాంతరంగా, ప్రోబ్ అవుతాయి. అందుకే లేట్‌లో ఉన్నా గ్యారంటీ లేదు.

మీ ప్రోబ్‌లో రెగ్యులేటర్ తెచ్చుకునే చోట ఎర్రర్ వస్తే ఏం రిటర్న్ చేస్తున్నారు?

ప్రశ్న: మైనస్ ఈనోడెవ్, డివైస్ లేదనే ఎర్రర్ కోడ్.

జవాబు: తప్పు అక్కడే ఉంది. రెగ్యులేటర్ ఇంకా రాకపోతే ఆ ఫంక్షన్ మీకు మైనస్ 517 ఇస్తుంది. అదే ఈప్రోబ్_డిఫర్, అంటే ప్రోబ్‌ను తర్వాతకు వాయిదా వేయమని. 2012లో కెర్నెల్ 3.4 వెర్షన్‌తో వచ్చింది. దాన్ని అలాగే పైకి పంపితే కెర్నెల్ మీ డివైస్‌ను వెయిటింగ్ జాబితాలో పెట్టి, వేరే ఏ ప్రోబ్ సక్సెస్ అయినా మళ్లీ ప్రయత్నిస్తుంది. మీరు దాన్ని ఈనోడెవ్‌గా మార్చేసరికి, ఇక్కడ డివైసే లేదనుకుని వదిలేస్తోంది. ఎర్రర్‌ను అలాగే తిరిగిచ్చే డెవ్_ఎర్_ప్రోబ్ ఫంక్షన్ వాడండి, కారణం కూడా నమోదవుతుంది. తర్వాత మామూలు మాడ్యూల్_ఇనిట్‌కు వచ్చేయండి.

ఒక్క జాగ్రత్త. కావలసినవన్నీ చేతికొచ్చాకే ఇన్‌పుట్ డివైస్ రిజిస్టర్ చేయండి. ఇలాంటి పిల్ల డివైస్‌లను రిజిస్టర్ చేసి ఆపైన డిఫర్ అంటే ప్రోబ్ అంతులేకుండా తిరగొచ్చు.

ప్రశ్న: మార్చాను, ఇప్పుడు ప్రతిసారీ లేస్తోంది. రేపు ఇంకేదైనా ఇలా ఇరుక్కుంటే ఎక్కడ చూడాలి? మాడ్యూల్‌గా చేస్తే ఈ గొడవ ఉండదా?

జవాబు: కెర్నెల్ లోపలి సమాచారం చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో డివైసెస్_డిఫర్డ్ అనే ఫైల్ ఉంటుంది. ఆగిపోయినవి అందులో కనిపిస్తాయి. బూట్ లైన్‌లో ఇనిట్‌కాల్_డీబగ్ పెడితే ఏ ఇనిట్ ఫంక్షన్ ఎప్పుడు పిలిచారో, ఎంతసేపు పట్టిందో లాగ్‌లో వస్తుంది. మాడ్యూల్ చేసినా ఇదే సంగతి. ఏ మాడ్యూల్ దేనిపై ఆధారపడిందో జాబితా వేసే డెప్‌మాడ్ చూసేది ఒక మాడ్యూల్ ఇంకోదాని సింబల్స్ (ఫంక్షన్లు, వేరియబుల్స్ పేర్లు) వాడుతోందా అన్నది మాత్రమే, మీ చిప్‌కు కరెంటు ఎక్కడినుంచి వస్తుందో దానికి తెలియదు. డిఫర్ అక్కడా కావాలి.