సైకాడ్ లేత ఆకుల రంగు: ఒకదానికి కాఫీ రంగు పోయింది, ఇంకోదానికి పసుపు పోవడం లేదు

మేడతోట (హైదరాబాద్): మేడ మీద రెండు సైకాడ్ (ఈత చెట్టులా కనిపించే, పూలు పూయని మొక్క) కుండీలున్నాయి. ఒకటి సెరటోజామియా. కొన్నప్పుడు లేత ఆకు కాఫీ రంగులో మెరుస్తోంది, ఆ రంగు చూసే తెచ్చాను. ఇప్పుడు మామూలు ఆకుపచ్చ. ఆ రంగు నిలవాలంటే ఏం వేయాలి? రెండోది సాగో పామ్, 12 అంగుళాల కుండీ. ఈసారి వచ్చిన ఆకులు రెండు నెలలు దాటినా పసుపుగానే ఉన్నాయి, చివర్లు ఎండి ముడుచుకున్నాయి. కింది పాత ఆకులు ముదురు ఆకుపచ్చగా బాగున్నాయి. పోసేది బోరు నీళ్లే. యూరియా వేయమంటారా?

ఆకుపసరు: యూరియా ఆపండి. రెండూ వేర్వేరు సంగతులు.

సెరటోజామియాకు ఏ లోపమూ లేదు. లేత ఆకులో పత్రహరితం ఇంకా పూర్తిగా తయారు కాదు, ఎండను వాడుకునే యంత్రాంగం సగంలో ఉంటుంది. ఆ దశలో పడే వెలుగు ఆకును దెబ్బతీయకుండా కొంత వెలుగును ఎరుపు, గోధుమ రంగు పదార్థాలు పీల్చుకుంటాయి. ఆకు గట్టిపడేకొద్దీ పత్రహరితం నిండుతుంది, ఆ పదార్థాలు తగ్గుతాయి. ఏ ఎరువు వేసినా ముదిరిన ఆకుకు కాఫీ రంగు తిరిగి రాదు. మళ్లీ చూడాలంటే తర్వాతి చిగురు దాకా ఆగాల్సిందే. ఇది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల నీడన పెరిగే జాతి, మన మేడ మీద మధ్యాహ్నం ఎండ తగిలితే లేత ఆకు మాడుతుంది. 50 శాతం షేడ్ నెట్ కింద పెట్టండి.

చిగురుటాకు: ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం కదా? మామిడి చిగురులో ఉండేదే?

ఆకుపసరు: మామిడికి సరే, సైకాడ్లన్నిటికీ ఒకటే అనలేం. సెరటోజామియా గోధుమ రంగులో కెరోటినాయిడ్ (క్యారెట్‌కు రంగునిచ్చే రకం) వర్గపు ఎరుపు పదార్థాల వంతు ఉంది. వాటి మీద కొంచెం పత్రహరితం కలిస్తే కంటికి కాఫీ రంగు. ఇంట్లోనే తేడా చూడొచ్చు. రెండు మూడు లేత రెక్కల్ని (ఈనెకు రెండు వైపులా ఉండే సన్నటి చిన్నాకుల్ని) కత్తెరతో సన్నగా కత్తిరించి, పాత గ్లాసులో చెంచాడు నీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి నలపండి. నీళ్లు గులాబీ రంగుకు తిరిగితే ఆంథోసయనిన్. నీళ్లు తేరుకున్నాక రంగు పట్టకుండా పిప్పిలోనే ఉండిపోతే కెరోటినాయిడే, అది నీళ్లలో కరగదు. ఆ పిప్పి మీద సర్జికల్ స్పిరిట్ పోస్తే దిగుతుంది. వంటింటి రోలు, మిక్సీ మాత్రం వాడకండి. సైకాడ్ ఆకుల్లో, గింజల్లో సైకాసిన్ అనే విషం ఉంటుంది. కుక్క గింజ నమిలితే ప్రాణం మీదికే వస్తుంది.

ఇంకో మోసం: సాగో చిగురు మీది గోధుమ నూగు రంగు పదార్థం కాదు, వెంట్రుకలు. వేలితో రుద్దితే రాలిపోయి కింద లేతాకుపచ్చ కనిపిస్తుంది. ఎన్సెఫలార్టోస్ హోరిడస్ అనే ఇంకో సైకాడ్ ఆకు నీలం కూడా అంతే, అది ఆకు పైని మైనపు పొర. వేప నూనె కొడితే ఆ పొర చెదిరి నీలం పోతుంది, ఆ ఆకుకు మళ్లీ రాదు.

గోదావరిగట్టు (కడియం): సాగో సంగతికి వద్దాం. రంగు పోయింది కొత్త ఆకా, పాత ఆకా అన్నదే మొదటి ప్రశ్న. మాంగనీసు, ఇనుము ఒకసారి ఆకులో చేరితే అక్కడి నుంచి కదలవు, అందుకే అవి తక్కువైతే కొత్త ఆకుల్లో తెలుస్తుంది. నత్రజని, మెగ్నీషియం, పొటాష్ తక్కువైతే మొక్క పాత ఆకుల్లోంచి లాక్కుని చిగురుకు ఇస్తుంది, కాబట్టి పసుపు కిందినుంచి వస్తుంది. మెగ్నీషియం లోపంలో పాత ఆకు ఈనె దగ్గర ఆకుపచ్చ మిగిలి, రెక్కల కొసల వైపు పసుపు పట్టీలా కనిపిస్తుంది.

మీరు చెప్పింది పై నుంచి వచ్చింది, కొసలు ఎండి ముడుచుకున్నాయి. ఇది మాంగనీసు లోపం. ఆకు సాఫీగా ఉండి మొత్తం పాలిపోయి ఉంటే ఇనుమును అనుమానించేవాళ్లం. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పెచ్చు కట్టిందేమో చూడండి. కడితే బోరు నీళ్లలోని సున్నపు ఉప్పుల వల్ల మట్టి క్షారమై, మాంగనీసు ఉన్నా వేరు అందుకోలేకపోతోంది.

చేయాల్సింది: మాంగనీస్ సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు, రెండు మూడు చుక్కల షాంపూ కలిపి సాయంత్రం ఆకు రెండు వైపులా పిచికారీ. నెలకోసారి చొప్పున మూడుసార్లు. మట్టిలోకి 3 గ్రాములు రెండు లీటర్ల నీళ్లలో కరిగించి ఒక్కసారి పోయండి, ఎక్కువ వేస్తే ఇనుము అందదు. డీఏపీ లాంటి ఫాస్ఫేటు ఎరువుతో కలపకండి, గడ్డకట్టి రెండూ వృథా. వీలైతే వాన నీళ్లు పట్టి వాడండి. ఇప్పుడున్న పసుపు ఆకులు బాగుపడతాయని ఆశ పెట్టుకోకండి, ఫలితం తర్వాతి చిగురులోనే. నడిమొగ్గ ఉబ్బడం మొదలవగానే ఒక పిచికారీ తప్పక పడాలి.

మేడతోట: మరి పసుపు ఆకులు కోసేయనా?

గోదావరిగట్టు: ఉంచండి. అందులో ఆకుపచ్చ ఉన్నంత మేర అది మొక్కకు తిండి పెడుతుంది. పూర్తిగా ఎండాకే కోయండి.

చిగురుటాకు: ఒక్క జాగ్రత్త. కొత్త చిగురు విప్పుకునేటప్పుడు పాండవ అనే చిన్న నీలి సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. దాని పురుగు లేత ఆకునే తింటుంది, ముదిరిన ఆకు జోలికి పోదు. మొగ్గ చుట్టూ చీమలు తిరుగుతుంటే పురుగు ఉన్నట్టే, అది ఇచ్చే తీపి కోసమే అవి చేరేది. నాలుగైదు రోజుల్లో రెక్కలన్నీ గీకేసి ఈనెలు మిగులుస్తుంది. అప్పుడు ఆకు గోధుమ రంగుకు మారితే ఎరువు లోపం అనుకోకండి. చిగురు రెండు అంగుళాలు లేచినప్పటి నుంచి రోజూ చూసి గుడ్లు తుడిచేయండి. పురుగు కనిపిస్తే బీటీ పొడి (గొంగళి పురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందు) లీటరుకు 2 గ్రాములు, ఎండ తగ్గాక కొట్టండి. వారానికోసారి, ఆకు గట్టిపడేదాకా.

గోదావరిగట్టు: ఆకు కింద తెల్లటి పొట్టులా పొలుసు పురుగు అంటి ఉన్నా పసుపు చుక్కలు వస్తాయి. గోటితో గీకితే ఊడి వస్తుంది. మేడతోట గారు, ఒక ఆకు తిరగేసి వెలుగులో ఫొటో పెట్టండి, అది లేదని తేల్చుకున్నాకే మాంగనీసు కొనండి.